మొదటి ట్రిప్పే అసలు పరీక్ష

సంపాదకుడు గారికి,

ఎండలు ముదరకముందే జిల్లా పేజీలో రోజూ ఓ ప్రకటన కనిపిస్తుంది: చెట్ల కొమ్మల తొలగింపు, సబ్‌స్టేషన్ మరమ్మతుల కోసం రెండు గంటలు కరెంటు ఉండదని. కొమ్మలు కొట్టాల్సిందే. కానీ పాతికేళ్లుగా నిలబడి ఉన్న బ్రేకర్ల సంగతి ఆ రెండు గంటల్లో తేలదు. బ్రేకర్లు, వాటికి తెరుచుకోమని ఆదేశమిచ్చే రీలేల టెస్టింగులోనే ఉద్యోగమంతా గడిపినవాణ్ణి కనుక చెబుతున్నాను.

లైనులో షార్ట్ సర్క్యూట్ లాంటి ఫాల్టు రాగానే తెరుచుకుని కరెంటు ఆపడానికే బ్రేకరు ఉన్నది; అలా తెరుచుకోవడాన్నే ట్రిప్పు అంటాం. ఏళ్ల తరబడి కదలకపోతే లోపలి మెకానిజంలో గ్రీజు జిగురులా గట్టిపడుతుంది. ఓసారి ఓ 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి పనిచేసే అనుమతి) తీసుకుని, ఎర్త్ చేసి, పాత 11 కేవీ బ్రేకరుకు అది తెరుచుకునే సమయాన్ని కొలిచే టైమింగ్ కిట్ తగిలించాం. మొదటి ట్రిప్పుకు 140 మిల్లీసెకన్లు పట్టింది. మూడోసారికి 55కు దిగింది. ముందే నాలుగుసార్లు ఆడించి ఉంటే 55 అనే రాసుకుని వచ్చేవాళ్లం. ఫాల్టు వచ్చిన రాత్రి మాత్రం బ్రేకరుకు దొరికేది ఆ మొదటి ట్రిప్పే. అది ఆలస్యమైతే వెనకున్న బ్రేకరు తెరుచుకుని ఊళ్లకు ఊళ్లే చీకటవుతాయి. ఈలోగా కేబులో ట్రాన్స్‌ఫార్మరో కాలిపోవచ్చు.

బ్రేకరులో కరెంటు పారే కాంటాక్టులదీ అంతే. 50 మైక్రో ఓమ్‌ల నిరోధం మీద 400 ఆంపియర్లు పారితే పుట్టే వేడి 8 వాట్లు. నిరోధం 500కు పెరిగితే 80 వాట్లు, అదీ మూసి ఉన్న ప్యానెల్‌లో. బయటి నుంచి చూస్తే రంగు కూడా మారదు. మెగ్గర్ వేసి ‘బాగుంది’ అనుకుంటే చాలదు, ఆ మీటరు చూసేది ఇన్సులేషన్‌నే, కాంటాక్టుల నిరోధాన్ని కాదు.

బ్రేకరును తెరిపించే ట్రిప్ కాయిల్‌కు బలమిచ్చేది బ్యాటరీ. ఆ బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటు లేకపోతే రీలే ఎంత మంచిదైనా బ్రేకరు కదలదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో, బ్యాటరీల పనికి వచ్చిన ఇద్దరితో సహా 9 మంది చనిపోయారు. డీసీ పనిని చిన్న పనిగా చూడకూడదని మా వాళ్లందరికీ అప్పుడైనా తెలిసిరావాల్సింది.

డిస్కంలకు నా విన్నపం ఒక్కటే. పాత బ్రేకర్ల పరీక్షకు సగం రోజైనా షట్‌డౌన్ ఇవ్వండి. తుడవకముందు, ఆడించకముందు మొదటి ట్రిప్ టైము తీసి, తేదీతో సహా ప్యానెల్ తలుపు లోపల అతికించండి. షిఫ్టులో ఒంటరిగా ఉండే ఆపరేటరు రోజూ ఆ తలుపు ముందే నిలబడతాడు.

— ఓ విశ్రాంత ఎంఆర్‌టీ (మీటర్లు, రీలేల టెస్టింగ్) ఉద్యోగి, ఖమ్మం