విశ్వావసు నామ సంవత్సర వార్షిక నివేదిక: చెరువు నడక బృందం

సభ్యులకు నమస్కారం.

మన కాలనీ సంఘం జమాఖర్చులు మార్చి 31తో ముగుస్తాయి. ఆదివారాలు చెరువు కట్ట మీద పక్షులను చూసే మన చెరువు నడక బృందం ఏడాది మాత్రం ఉగాది నుంచి ఉగాది వరకు. ఇందులో భక్తి కంటే సౌకర్యం ఎక్కువ. ఉగాది వచ్చేసరికి వలస పక్షుల్లో చాలా భాగం ఉత్తరానికి బయలుదేరి ఉంటాయి, మేమూ డైరీ మూసి లెక్కలు చూసుకోవచ్చు. మార్చి 29 ఆదివారం జరిగే సర్వసభ్య సమావేశానికి ముందే ఈ నివేదికను ఇంటింటికీ పంపుతున్నాం. సమావేశంలో సమయం తక్కువ, అడిగేవారు ఎక్కువ.

అడగబోయే ప్రశ్న కూడా ముందే తెలుసు. అక్టోబరు నుంచి కూరగాయల బండి దగ్గర, లిఫ్టులో, ఆఖరికి పెళ్లి భోజనాల పంక్తిలో కూడా అదే అడిగారు: "చెరువు ఇంత నిండుగా ఉంది కదా, పక్షులేవండీ?"

నిండిన మాట నిజం. సెప్టెంబరు చివర మూసీకి వరద వచ్చి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నీట మునిగిన రోజుల్లోనే మన కాలనీ వెనుక చెరువు కూడా అలుగు దూకింది. సద్దుల బతుకమ్మ నాటికి మెట్లన్నీ నీళ్లలోనే ఉండటంతో ఆడపడుచులు బతుకమ్మలను కట్ట అంచు నుంచే వదిలారు. అంత నీరు చూసి మేమూ మురిసిపోయాం, ఈ శీతాకాలం పక్షులకు పండగే అనుకున్నాం. తీరా అక్టోబరు, నవంబరు నెలల్లో ఆదివారం ఆరింటికల్లా కట్ట ఎక్కితే కనిపించినవి నీటికాకులు, నుదుట తెల్లబొట్టు పెట్టుకున్న బొల్లికోళ్లు, చూస్తుండగానే మాయమయ్యే మునుగుడు కోళ్లు. అంటే ఈదేవి, మునిగేవి. ఒడ్డున నడిచి మేసేవి ఒక్కటీ లేవు. కొత్తగా దుర్భిణి కొన్న సభ్యులొకరు రెండు వారాలు ఓపిక పట్టి, మూడో వారం నుంచి నిద్రకే మొగ్గు చూపారు.

సంగతి అర్థం కావడానికి మాకు డిసెంబరు దాకా పట్టింది. చెరువును దిగుడు బావి అనుకోండి, ఒక్కో పక్షికి ఒక్కో మెట్టు. సైబీరియా నుంచి వచ్చే పిచ్చుకంత ఉల్లంకి జాతి పిట్టల కాళ్లు రెండంగుళాలైనా ఉండవు. వాటికి నీళ్లు అక్కర్లేదు, నీళ్లు ఇప్పుడిప్పుడే తీసిన బురద కావాలి. అందులోని పురుగులే వాటి తిండి. ఎర్రటి పుల్లల్లాంటి జానెడు కాళ్లున్న పిట్ట ఇంకొంచెం లోతుకు దిగుతుంది. సూదితోక బాతు తలకిందులై, తోక ఆకాశంలోకి లేపి, మెడ అందినంత లోతులో అడుగున వెతుక్కుంటుంది. గరిటె ముక్కు బాతు నీటి మీది నలుసులను ముక్కుతోనే వడకట్టుకుంటుంది. పూర్తిగా మునిగే నీటికాకికి మాత్రమే లోతు సమస్య కాదు. చెరువు అలుగు దాకా నిండి కట్టకు ఆనుకుంటే పై మెట్లన్నీ మునిగిపోతాయి, అడుగు మెట్టు వాళ్లు మాత్రమే మిగులుతారు. నీళ్లు ఎక్కువైతే నీటిపక్షులు తగ్గడమేమిటని మేము కూడా మొదట నమ్మలేదు.

మిగతా సగం సంగతి చెప్పింది కట్ట మీద మేకలు తోలుకొచ్చే పాత ఊరి పెద్దాయన. ఆయన తండ్రి ఈ చెరువుకు నీరడి, అంటే తూము తీసి ఆయకట్టుకు నీళ్లు పంచిన మనిషి. "మా నాయన ఉన్నప్పుడు యాసంగి నాట్లకు తూము తీసేవాడు. నీళ్లు పోయేకొద్దీ చెరువు వెనక్కి జరిగేది, బురద తేలేది, కొంగలు దిగేవి. ఇప్పుడు తూము కింద పొలమెక్కడిది సార్, మీ ఇళ్లే కదా ఉన్నవి?" అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు. నగరం చుట్టూ చాలా చెరువుల కథ ఇదే. కుతుబ్‌షాహీల కాలం నుంచి ఇవి సాగు కోసం తవ్వినవి. ఏటా నిండటం, ఏటా తగ్గటం వాటి నడక. ఆయకట్టు ఇళ్ల స్థలాలయ్యాక తూము తీసే పనే లేదు. పైగా మురుగునీరు పన్నెండు నెలలూ వచ్చి చేరుతుంది కాబట్టి మే నెలలో కూడా చెరువు నిండుగానే కనిపిస్తుంది. ఆ మురుగు మీద గుర్రపుడెక్క పరుచుకుంటుంది. కట్ట మీద నుంచి చూసేవారికి పచ్చగా, అందంగానే ఉంటుంది.

ఇక్కడ కార్యదర్శిగా నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. నిరుటి సమావేశంలో చెరువు చుట్టూ రాళ్లు పరిచి, దీపాలు పెట్టి, నడకదారి వేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఆ అర్జీ రాసింది నేను, మొదటి సంతకం కూడా నాదే. "బురదతో నిండిన అపరిశుభ్రమైన ఒడ్డు" అనే మాట అందులో ఉంది. ఇప్పుడు చదువుకుంటే సిగ్గుగా ఉంది. ఒడ్డును నిటారుగా రాతితో కట్టేస్తే ఆ మెట్లు శాశ్వతంగా పోయినట్టే. అర్జీ ఇంకా బల్ల మీదే ఉందని తెలిసింది. ప్రభుత్వ కాగితాలు కదలకపోవడం వల్ల మేలు జరిగిన సందర్భం ఇదొకటి. ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకునే ప్రతిపాదన చివర ఉంది.

మిగతా కార్యక్రమాల గురించి క్లుప్తంగా. నవంబరు 12న, పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ పుట్టినరోజు సందర్భంగా, పిల్లలకు బొమ్మలతో ఒక సాయంత్రం పెట్టాం. 1931-32లో ఆయన నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారని చెబితే, "ఫోను లేకుండా ఎలా?" అని ఒక పాప అడిగింది. డిసెంబరులో అమీన్‌పూర్ పెద్ద చెరువుకు వెళ్లాం. 2016లో దానికి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. నగర ప్రాంతంలోని నీటివనరుకు ఆ హోదా దక్కడం దేశంలో అదే మొదలు. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొన్నాం. 1987 నుంచి ఏటా జరిగే ఈ గణనలో శిక్షణ లేనివాళ్లూ లెక్క ఇవ్వవచ్చు. అయితే మన రెండు బృందాలు ఒకే ఉదయం, ఒకే చెరువులో లెక్కించిన బొల్లికోళ్ల సంఖ్యలకు పొంతనే లేదు. ఒకరు లెక్కపెడుతుండగా అవి మునుగుతాయి, రెండోవారు లెక్కపెట్టేటప్పుడు తేలుతాయి. ఆ అంకెలను ఇక్కడ అచ్చు వేయకపోవడమే మర్యాద.

సంక్రాంతి మర్నాడు కట్ట మీద చెట్లకు చిక్కిన మాంజా ఏరే పని ప్రతి ఏడూ ఉండేదే. నైలాన్ మాంజాను 2017లో దేశమంతటా నిషేధించినా అది మన తుమ్మలకు వేలాడుతూనే ఉంది. ఈసారి ఒక చింతవక్క రెక్కకు దారం చుట్టుకుని తలకిందులుగా దొరికింది. పగలు నిద్రపోయి, చీకటి పడ్డాక "వక్" అంటూ ఎగిరే కొంగ ఇదే. తువ్వాలు కప్పి దారం కత్తిరిస్తే, విడిపించినవారి చేతిని పొడిచి మరీ వెళ్లింది. ఆయనకు ధనుర్వాతం సూది మందు ఖర్చు సంఘం ఇచ్చింది.

"శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అంటారు. చలితోపాటు పోయేవి ఇంకా ఉన్నాయని ఈ ఏడాది దగ్గరగా చూశాం. ఫిబ్రవరి 13 నుంచి 16 వరకు ప్రపంచమంతటా జరిగిన పెరటి పక్షుల గణన మధ్యలోనే శివరాత్రి వచ్చింది. జాగారం చేసిన నలుగురు సభ్యులు 16న తెల్లవారుజామున గుడి నుంచి నేరుగా, విభూతి రేఖలతోనే కట్ట మీదకు వచ్చారు. వాళ్ల కళ్లు ఎర్రగా ఉన్నా, ఆ రోజు మంచి సంగతులు చూసింది వాళ్లే. అప్పటికి నీళ్లు తూర్పు వైపు కొద్దిగా వెనక్కి తగ్గి, పెళ్లి పందిరంత మేర బురద తేలింది. అంత చిన్న చోటికే చిన్న ఉల్లంకులు దిగాయి. నాలుగు నెలలుగా మేము వెతుకుతున్నవి, వెళ్లిపోయే ముందు కడుపు నింపుకోవడానికి ఆగాయి. వేల కిలోమీటర్ల ప్రయాణానికి కావలసిన కొవ్వును ఒంట్లో చేర్చుకునే వారాలివి, అందుకే మనుషులను కూడా పట్టించుకోకుండా మేస్తాయి.

వసంతం అంటే కోయిలే అనుకుంటాం. చెరువు దగ్గర వసంతం ఈకల్లో కనిపిస్తుంది. శీతాకాలమంతా గోధుమ రంగులో ఏది మగో ఏది ఆడో తెలియని బాతుల్లో, ఒక చిన్న జాతి మగవాటికి ఫిబ్రవరిలో కంటి మీదుగా తెల్లని కనుబొమ గీసినట్టు వస్తుంది. తోక ఆడించే పసుపు జిట్టంగుల వెలిసిన పసుపు మార్చిలో నిగనిగలాడుతుంది. మన ఊరి గుడ్డికొంగ కూడా వీపున ముదురు ఎరుపు శాలువా కప్పుకోవడానికి తయారవుతుంది. గుడ్డికొంగకు చూపు లేదని కాదు. మట్టి రంగులో కలిసిపోయాననే ధీమాతో, కాలికి తగిలేదాకా కదలదు కాబట్టి ఆ పేరు. కట్టకు అటు వైపు బూరుగ, మోదుగ ఒకేసారి ఎరుపెక్కాయి. బూరుగ పూలలో తేనె కోసం గులాబీ గోరింకలు చేసే గోలలో పక్కనున్న మనిషి మాట వినపడదు.

మార్చి 1 ఆదివారం మంజీరా వన్యప్రాణి అభయారణ్యానికి బస్సు వేశాం. సంగారెడ్డి దగ్గర ఉన్న ఈ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. హైదరాబాదు తాగే నీటిలో కొంత ఇక్కడిదే. ఉదయపు ఎండలో ఇసుక దిబ్బ మీద మొసలి నోరు తెరుచుకుని పడుకుంటే పిల్లలు అది బొమ్మ అని పందెం కాశారు. ఆడ మొసళ్లు ఒడ్డున గుంట తవ్వి గుడ్లు పెట్టే కాలం ఇదే, వానలకు ముందు పిల్లలు బయటికి వస్తాయి. తల మీద రెండు నల్లని అడ్డగీతలున్న బాతుల గుంపు ఒడ్డున గడ్డి మేస్తూ కనిపించింది. ఈ జాతి హిమాలయాల మీదుగా వెళ్తుంది. 7,000 మీటర్లకు పైన ఎగిరినట్టు వాటికి కట్టిన పరికరాలు నమోదు చేశాయి. మన బస్సు మాత్రం పటాన్‌చెరు దగ్గర గంటన్నర ఆగిపోయింది.

ఆ రోజు నాకు బాగా నచ్చింది మాత్రం జక్కవ బాతుల జంట. ప్రబంధ కవులు వాటిని ఎందుకు వాడుకున్నారో పెద్దలకు తెలుసు. రాత్రయితే నదికి చెరో ఒడ్డున విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయని ఐతిహ్యం. పద్యాల్లోనే చదివిన తెలుగు ఎమ్మే సభ్యులొకరు, నారింజ రంగు ఒంటి మీద ఎండ పడుతుంటే చూసి, "ఇన్నాళ్లూ ఇవి తెల్లగా ఉంటాయనుకున్నానండీ" అన్నారు. మేము చూసినంత సేపూ అవి పక్కపక్కనే ఉన్నాయి. రాత్రి సంగతి చూసే అనుమతి మాకు లేదు.

ఇక కాలనీ లోపలి సంగతి. ఉగాది వారంలో దక్షిణం వైపు ఖాళీ స్థలంలో, మనం కార్లు నిలిపే చోట, తీతువు గుడ్లు పెట్టింది. నాలుగు. గూడు అనేది లేదు, నాలుగు కంకర రాళ్లు పక్కకు జరిపి నేల మీదే పెట్టింది. గుడ్ల రంగు ఆ కంకర రంగే, కారు చక్రం జానెడు దూరంలో వెళ్లినా ఎవరూ గమనించలేదు. మొదట కనిపెట్టింది కావలి అబ్బాయి. దగ్గరకు వెళ్తే పక్షి అరుస్తూ తల మీదుగా దూకుతుంది. ఆ అరుపు వల్లే గొడవ వచ్చింది. తీతువు కూస్తే కీడని మూడు ఇళ్ల నుంచి ఫిర్యాదు, ఒకరు శాంతి చేయించాలన్నారు కూడా. కీడు శంకించేది అదేనని, పార్కింగు చేసేది మనమని మెల్లగా చెప్పాం. మధ్యాహ్నం ఎండకు గుడ్లు ఉడికిపోకుండా పక్షి ఏంచేస్తుందో చూపించాక అందరూ మెత్తబడ్డారు. అది నీటి తొట్టి దగ్గరకు పోయి కడుపు ఈకలు తడుపుకొని వచ్చి, గుడ్ల మీద కూర్చుని చల్లబరుస్తుంది. ఫిర్యాదు చేసిన ఇళ్లలో ఒకరు ఇప్పుడు ఆ తొట్టి నిండుగా ఉంచే పని తీసుకున్నారు. శాంతి ఇదేనని ఆమె అంటున్నారు.

లెక్కల పత్రం కోశాధికారి గారు సమావేశంలో చదువుతారు. పెద్ద ఖర్చు రెండు దుర్భిణులు, మంజీరా బస్సు. కొనదలచిన వారికి ఒక సలహా: 8×42 (అంటే 8 రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. కటకం ఉన్నది) చాలు, 20 రెట్లు పెద్దవి చూపేవి కొంటే మీ చేతి వణుకు కూడా 20 రెట్లు కనిపిస్తుంది.

సమావేశం ముందుకు వచ్చే ప్రతిపాదనలు మూడు. నిరుటి నడకదారి అర్జీని ఉపసంహరించుకుని, తూర్పు ఒడ్డును రాయి, దీపం లేకుండా వదిలేయాలని కొత్త అర్జీ ఇవ్వడం. మురుగు మళ్లింపు గురించి పై కాలనీల సంఘాలతో కలిసి వెళ్లడం. తూము ఇంకా పనిచేస్తుందో లేదో నీటిపారుదల ఇంజనీరు ఒకరిని పిలిపించి చూపించడం. మూడోదానికి పాత ఊరి పెద్దాయన కూడా వస్తానన్నారు, తూము మూత ఎక్కడుందో ఇప్పుడు చెప్పగలిగింది ఆయనొక్కరే.

తీతువు గుడ్లు పొదగడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. కాబట్టి 29న సమావేశానికి వచ్చేవారు బండ్లను ఉత్తరం గేటు దగ్గరే నిలపండి. దక్షిణం వైపు సున్నం గీత దాటవద్దని పిల్లలకు ఒకసారి, అతిథులకు రెండుసార్లు చెప్పండి.

కార్యదర్శి