హుస్సేన్‌సాగర్ బుద్ధుడి రాయి ఎక్కడిదో తెలుగులో రాసిపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఇప్పటి పిల్లలకు సొంత జిల్లా చరిత్ర తెలియదని, సెల్‌ఫోనే లోకమైపోయిందని మీ జిల్లా పేజీలో రాశారు. ఆ వార్త వచ్చి పది రోజులు దాటింది. దీపావళి ముందు కుట్టుపని తెమలక ఇన్నాళ్లూ రాయలేకపోయాను కానీ, చదివిన రోజు నుంచీ మనసులో మెదులుతూనే ఉంది. తప్పంతా పిల్లలదేనా? చెప్పాల్సిన చోట చెప్పేవాళ్లు లేకపోతే వాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

దసరా సెలవుల్లో ఐదో తరగతి చదివే మా బాబును పట్నం చూపిద్దామని తీసుకుపోయాం. నేను, మా ఆయన, అత్తమ్మ, బాబు. తెల్లారకముందే నల్లగొండలో బస్సెక్కాం. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటల గడియారం ముందు పావుగంట ముందే పోయి కూర్చున్నాడు. గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి పన్నెండు దెబ్బలూ కొట్టి లోపలికి పోయేదాకా రెప్ప వేయలేదు. చార్మినార్ 1591లో కట్టారని బడిలో చదివాడట, పైకెక్కి ఆ గోడలను చేత్తో తడిమి చూసుకున్నాడు. ఆ రోజంతా వాడు ఫోన్ అడగలేదు. ఈ సంగతి మీ విలేకరికి చెప్పాలనే ముందుగా రాస్తున్నాను.

సాయంత్రం హుస్సేన్‌సాగర్‌కు పోయాం. నేను పిల్లవాడికి అసలు చూపించాలనుకున్నది ఆ చెరువు నడుమ నిలబడ్డ బుద్ధుడి విగ్రహమే. దారిలో ఒకచోట ఆగితే టికెట్‌కు డబ్బులు తీసుకోం, ఫోన్‌లోనే కట్టాలన్నారు. మా ఆయన ఫోన్ ఛార్జింగ్ అప్పటికే అయిపోయింది. బతిమాలుకుంటే ఎవరో పుణ్యాత్ముడు తన ఫోన్‌లో కట్టి మా దగ్గర నోట్లు తీసుకున్నాడు. అక్కడే ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం. షుగరు ఉన్న మా అత్తమ్మ ఎంత అవస్థ పడిందో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. తాళం వేసినవాళ్లకు ఉండాల్సిన సిగ్గు అది. ఊర్ల నుంచి వచ్చే ముసలివాళ్లను, ఆడవాళ్లను మనసులో పెట్టుకుని ఏ ఏర్పాటూ చేయడం లేదు.

పడవలో మైకు పట్టుకున్న ఆయన హిందీలో, ఇంగ్లీషులో చెబుతూ పోయాడు. తెలుగు ఒక్క ముక్క లేదు. ఎవరో విగ్రహం గురించి అడిగితే, బయటి దేశం నుంచి తెప్పించారన్నాడు. మా వాడు లేచి నిలబడి, "కాదు, అది మా అమ్మమ్మ వాళ్ల దగ్గరి రాయిగిరి రాయి" అన్నాడు. పడవలో నలుగురు నవ్వారు. వాడు కూర్చుని కాసేపటికి మెల్లగా, "అమ్మా, నువ్వు నాకు అబద్ధం చెప్పినవా?" అని అడిగాడు. మేము తిరిగినంత మేర వాడికి చూపించడానికి తెలుగులో ఒక్క బోర్డు కూడా నా కంటపడలేదు.

నా పుట్టిల్లు భువనగిరి వైపు. రాయిగిరి గుట్టలో ఒకే రాయిని చెక్కి, 58 అడుగుల బుద్ధుణ్ణి మలిచారు. గణపతి స్థపతి చేతి కింద శిల్పులు పనిచేశారు. అది లెక్కలేనన్ని చక్రాల బండి మీద పట్నం పోతుంటే ఊర్లకు ఊర్లే రోడ్డు మీదికొచ్చాయి. నేను మా నాయన భుజాల మీద కూర్చుని చూశాను. 1990 మార్చిలో సాగర్ నడుమకు చేరుస్తుంటే విగ్రహం నీళ్లలో పడిపోయింది, మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. రెండేళ్లకు పైగా అడుగునే ఉంది. చివరికి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. ఇంత కథ ఉంటే, దాని ముందు తిరిగే పడవలో ఒక మనిషికి ఇది నేర్పించలేకపోయారా?

నీళ్ల సంగతీ అంతే. నాగార్జునసాగర్ నుంచి మా నల్లగొండ జిల్లాలోనే ఉన్న అక్కంపల్లి జలాశయానికి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు 2004 నుంచి పైపుల్లో పట్నానికి పోతున్నాయి. అదే జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లు ఎంతమందో. నీళ్లు పోవద్దని నేను అనడం లేదు, పట్నంలో ఉన్నది కూడా మా అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములే. ఏ గుట్ట రాయి, ఏ ఊరి నీళ్లు అన్నది అక్కడి పిల్లలకూ, చూడబోయిన మా పిల్లలకూ కనబడేటట్టు రాసిపెట్టమంటున్నాను. పడవలు ఎక్కే చోట తెలుగులో ఒక పలక. మైకులో తెలుగులో రెండు నిమిషాలు. దీనికి కోట్లు అక్కర్లేదు. సాలార్‌జంగ్‌కు శుక్రవారం, జూపార్కుకు సోమవారం సెలవన్న ముక్క జిల్లా బస్టాండ్లలో రాసిపెట్టినా ఎన్నో కుటుంబాలకు బస్సు ఖర్చు మిగులుతుంది.

పడవలో పోయిన మాట నిలబెట్టుకోవాలని మరుసటి ఆదివారం బాబును పుట్టింటికి తీసుకుపోయాను. మా పెదనాయన ఆ రోజుల్లో శిల్పుల దగ్గర కొలిమి పని చేశాడు. మొన పోయిన ఉలులను కాల్చి, సుత్తితో కొట్టి మళ్లీ మొన తీయడం ఆయన పని. రోజుకు ఎన్ని ఉలులు వచ్చేవో, ఏ రాయి మీద ఎంతసేపు నిలిచేవో మా వాడికి చెప్పుకొచ్చాడు. గుట్ట దగ్గరికి నడిపించుకుపోయి, బుద్ధుడు లేచిన చోటును చేయి చాపి చూపించాడు. వాడు నోటుపుస్తకంలో అంతా రాసుకున్నాడు.

పెదనాయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆయనతో పనిచేసినవాళ్లలో ఇప్పుడు ఊర్లో మిగిలింది ఇంకొక్కరే. దయచేసి మీ విలేకరిని ఒకసారి అక్కడికి పంపండి. త్వరగా పంపండి.

– ఒక పాఠకురాలు, నల్లగొండ