రెండు ఇళ్ల పిల్లలు: విడిపోయిన తల్లిదండ్రుల కోసం మన బడిలో తరగతులు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, పిల్లల బాగోగులు చూస్తున్న తాతయ్యలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు నమస్కారాలు.

దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన మూడో రోజున నాలుగో తరగతి తెలుగు టీచరు గారు సెలవులు ఎలా గడిచాయో ఒక పేజీ రాయమని పిల్లలకు చెప్పారు. ఒక పాప అమ్మమ్మ ఊరిలో తంగేడు పూలు కోసుకొచ్చి బతుకమ్మను పేర్చిన సంగతి అర పేజీ ఎంతో ముచ్చటగా రాసి, మిగిలిన సగం ఖాళీగా వదిలేసింది. తక్కిన రోజుల్లో ఏం చేశావమ్మా అని టీచరు గారు అడిగితే, "ఆ రోజులు నాన్న దగ్గర ఉన్నాను టీచర్, ఈ పుస్తకం అమ్మ చూస్తుంది" అని చెప్పి తల దించుకుంది. ఆ పాప ఎవరో తెలియకుండా వివరాలు కొన్ని మార్చి, ఆమె తల్లిదండ్రులిద్దరి అనుమతితోనే ఈ మాట మీకు రాస్తున్నాను. తండ్రితో గడిపిన వారం రోజులూ సంతోషంగా గడిచాయని, ఆ సంతోషమే తల్లికి కష్టం కలిగిస్తుందేమోనని ఆ పాప భయపడిందని తరువాత మాకు అర్థమైంది. తొమ్మిదేళ్ల పిల్ల ఎవరూ చెప్పకుండానే ఈ జాగ్రత్త నేర్చుకుంది. ఆ ఖాళీ అర పేజీని చూసిన నాటి నుంచి నా మనసు మనసులో లేదు.

ఆ సంఘటన తరువాత ఉపాధ్యాయులమందరం కూర్చుని మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చాము. విడాకులు తీసుకున్న, లేదా కోర్టు వ్యవహారం ఇంకా తేలక విడిగా ఉంటున్న తల్లిదండ్రుల కోసం వచ్చే నెల నుంచి మన బడిలోనే తరగతులు నిర్వహిస్తాము. వాటితో పాటు, అదే దారిలో నడిచినవారు నెలకొకసారి కలిసి మాట్లాడుకునే తోడు బృందం ఒకటి మొదలవుతుంది. ఈ లేఖ ఆ కుటుంబాలకు మాత్రమే రాయడం లేదు. ఒక ఇంట్లో జరిగిన విషయం పక్క బెంచీ పిల్లల నోట ఎగతాళి మాటగా మారడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ మాట పిల్లలకు పెద్దల దగ్గరి నుంచే అందుతుంది కాబట్టి అందరూ చదవాలని కోరుతున్నాను.

విడిపోయిన తరువాత పిల్లలను ఎలా పెంచాలో చట్టం చెప్పదా అని కొందరు అడుగుతారు. కొంతవరకు చెబుతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 26వ సెక్షన్ పిల్లల సంరక్షణ, పోషణ, చదువు గురించి, వీలైనంతవరకు పిల్లల ఇష్టాన్ని కూడా గమనించి, ఉత్తర్వులు ఇచ్చే అధికారం కోర్టుకు కల్పించింది. అన్ని మతాలవారికీ వర్తించే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, మైనరు పిల్లల సంరక్షకుల గురించిన 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం పిల్లల క్షేమమే ప్రధానమని చెబుతున్నాయి. చట్టాలలో మార్పులను ప్రభుత్వానికి సూచించే లా కమిషన్ 2015లో సమర్పించిన తన 257వ నివేదికలో, తల్లిదండ్రులిద్దరూ కలిసి బాధ్యత పంచుకునే ఉమ్మడి సంరక్షణకు చట్టంలో చోటు కల్పించాలని సిఫారసు చేసింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో బిడ్డకు తల్లిదండ్రులిద్దరి ప్రేమా అవసరమని, బిడ్డ ఎవరి దగ్గర లేడో వారు రోజూ ఐదు పది నిమిషాలైనా బిడ్డతో మాట్లాడగలగాలని, వీలున్నచోట వీడియో కాల్ ద్వారా మాట్లాడించాలని వివరంగా చెప్పింది. ఇవన్నీ మంచి మాటలే. అయితే కోర్టు ఉత్తర్వు నెలలో రెండో, నాలుగో శనివారం ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు అని రాయగలదు కానీ, ఆ ఐదు గంటలకు గుమ్మం దగ్గర బిడ్డ చేయి ఒకరి చేతిలో నుంచి మరొకరి చేతిలోకి మారే ఆ అర నిమిషంలో పెద్దల ముఖాలు ఎలా ఉండాలో రాయలేదు. ఆ అర నిమిషం కోసమే ఈ తరగతులు.

కొన్ని దేశాలలో ఇది కోర్టు ప్రక్రియలోనే భాగం. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో మైనరు పిల్లలున్న దంపతులు విడాకులు కోరితే ఇద్దరూ కనీసం నాలుగు గంటల తరగతికి హాజరు కావలసిందే. యూటా రాష్ట్రంలోనూ ఇటువంటి నిబంధన ఉంది. మన కుటుంబాలలో ఎంతోమంది పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు కనుక ఈ అనుభవం తెలుగువారికి కొత్తది కాదు. మన పూర్వ విద్యార్థి ఒకరు, అక్కడే విడాకులు తీసుకున్నవారు, నిరుడు బడికి వచ్చినప్పుడు ఆ తరగతి గురించి చెప్పారు. తన బిడ్డను పెంచడం ఎవరో నేర్పడమేమిటని కోపంతో వెళ్లి కూర్చున్నారట. "మీ మాజీ భార్యకు మీరు చెప్పదలచిన మాటను ఈ వారం ఎన్నిసార్లు మీ కొడుకు చేత చెప్పించారు?" అని బోధకురాలు అడిగినప్పుడు లెక్క పెట్టుకుంటే పదకొండు తేలిందట. ఇది చెబుతున్నప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మన దేశంలో 1984 చట్టం కింద ఏర్పడిన ఫ్యామిలీ కోర్టులలో కౌన్సెలర్లు ఉన్నారు. వారు రాజీ కోసం, ఒప్పందం కోసం చేసే కృషి విలువైనది. కానీ తీర్పు వెలువడిన మరుసటి సోమవారం బిడ్డకు జ్వరం వస్తే ఎవరు సెలవు పెట్టాలి, ఎవరికి ఫోను చేయాలి అన్న ప్రశ్నలు వచ్చేసరికి ఆ తల్లీ తండ్రీ ఒంటరిగా మిగిలిపోతారు.

రాయబారం పెద్దలు పెద్దలతో నడిపే పని. "ఫీజు కట్టాడో లేదో మీ నాన్నను అడుగు", "ఈ ఆదివారం పంపడం కుదరదని మీ అమ్మకు చెప్పు" అన్న మాటలు మనకు చిన్నవిగానే తోస్తాయి. వాటిని మోసుకెళ్లే పిల్లవాడు మాత్రం ఆ మాటతో పాటు దానికి వచ్చే కోపాన్ని కూడా తానే అందుకుంటాడు, ఆ కోపాన్ని మళ్లీ వెనక్కి మోసుకొస్తాడు. తిరిగి వచ్చిన బిడ్డను అక్కడ ఏం వండారు, ఎవరెవరు వచ్చారు, నా గురించి ఏమన్నారు అని ఆరా తీయడం కూడా ఇటువంటిదే. ఐదారేళ్ల పిల్లలు తాము అల్లరి చేసినందుకే నాన్న వెళ్లిపోయాడని నమ్ముతారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు బయటికి ఏమీ చెప్పకుండా ఇంటి పెద్దల పాత్ర తామే తలకెత్తుకుంటారు. చక్కగా చదువుతూ, ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా ఉండే అటువంటి పిల్లల గురించే నాకు ఎక్కువ దిగులు.

ఈ విషయంలో బడి వైపు నుంచి జరిగిన తప్పును కూడా మీ ముందు ఉంచాలి. కొన్నేళ్ల క్రితం ఒక బాబు ప్రతి రెండో సోమవారం లెక్కల పుస్తకం లేకుండా వచ్చేవాడు. బాధ్యత లేదని భావించి మేము అతణ్ణి తరగతి బయట నిలబెట్టాము. ఆ పుస్తకం తండ్రి ఇంట్లో ఉండిపోయేదని, తిరిగి తెమ్మంటే గొడవ అవుతుందని ఆ బాబు నోరు మెదపలేదని సంవత్సరం చివరలో తెలిసింది. ఆ బాబుకు నేను స్వయంగా క్షమాపణ చెప్పుకున్నాను. ఇప్పుడు రెండు ఇళ్లలో ఉండే పిల్లలకు గ్రంథాలయం నుంచి పాఠ్యపుస్తకాల రెండో సెట్టు ఇస్తున్నాము. ఎవరైనా ఒక్క మాట చెబితే చాలు, కారణం అడగము.

తరగతులు నవంబరు మూడో శనివారం మొదలై వరుసగా ఆరు శనివారాలు సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర వరకు గ్రంథాలయంలో జరుగుతాయి. ఫ్యామిలీ కోర్టులో చాలాకాలం కౌన్సెలరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దావిడ, పిల్లల మనస్తత్వ నిపుణురాలు ఒకరు కలిసి నడుపుతారు. న్యాయవాది ఒక్క సాయంత్రం మాత్రమే వస్తారు, అది కూడా ఉత్తర్వులోని మాటలకు అర్థం చెప్పడానికే. తల్లీ తండ్రీ ఒకే గదిలో కూర్చోవలసిన అవసరం లేదు, వేర్వేరు బృందాలలో చేరవచ్చు. ఒక్కరే వచ్చినా ప్రయోజనం ఉంటుంది, ఎందుకంటే ఇద్దరిలో ఒక్కరు రాయబారాలు మానేసినా బిడ్డ మోసే బరువులో సగం తగ్గుతుంది. నెలవారీ ఖర్చులు, ఆరోగ్యం, సెలవులు, పండుగలు ఒక కాగితం మీద ముందే రాసుకోవడం, సందేశాలను ఫిర్యాదులు కలపకుండా నాలుగు వాక్యాలలో పంపడం, అవతలి ఇంట్లో బిడ్డ పొందిన ఆనందాన్ని విని సంతోషించడం వంటివి ఈ తరగతులలో సాధన చేయిస్తారు. చివరిది వినడానికి సులువుగా ఉన్నా, అన్నిటికంటే కష్టమైనది అదే.

తోడు బృందం ఇందుకు భిన్నమైనది. అక్కడ బోధించేవారు ఉండరు. ప్రతి నెల మొదటి ఆదివారం ఉదయం, విడిపోయి ఐదేళ్లో పదేళ్లో అయి పిల్లలను నిలబెట్టుకున్నవారు, మొన్ననే విడిపోయినవారు కలిసి కూర్చుంటారు. పాఠాలు చెప్పలేని కొన్ని విషయాలు అక్కడ దొరుకుతాయి. బిడ్డ లేని మొదటి ఆదివారం ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో, ఆ రోజును ఎలా దాటాలో అనుభవించినవారే చెప్పగలరు.

ఈ హాజరుకు మేము ఎటువంటి ధ్రువపత్రం ఇవ్వము. ఇవ్వమని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అడిగారు, వారి అవసరం నాకు అర్థమైంది. కానీ ఆ కాగితం ఇచ్చిన రోజున ఈ గది కూడా కేసులో ఒక భాగమైపోతుంది, ఆ తరువాత అక్కడ ఎవరూ మనసు విప్పి మాట్లాడరు. అందుకే, విన్న మాటలను కోర్టుకు గానీ బంధువులకు గానీ చేరవేయబోమని ప్రతి ఒక్కరి దగ్గర సంతకం తీసుకుంటాము. అదే కారణంతో మా ఉపాధ్యాయులను కూడా, తల్లి మంచిదనో తండ్రి మంచివాడనో రాసి ఇమ్మని దయచేసి అడగవద్దు.

తాతలు, అమ్మమ్మలు, నానమ్మల కోసం ఈ ఆరింటిలో నాలుగో శనివారాన్ని ప్రత్యేకంగా కేటాయించాము. మన ఇళ్లలో పిల్లలను సగం పెంచేది వారే, విడిపోయాక ఆ సగం ఇంకా పెరుగుతుంది. "అన్నీ మీ నాన్న బుద్ధులే" అని విసుగులో అన్న మాటను అమ్మమ్మ మరుక్షణమే మరిచిపోవచ్చు, పిల్లవాడు మాత్రం తన సగం చెడ్డదని దాచుకుంటాడు. మేనరికం చేసుకున్న కుటుంబాలలో ఈ కష్టం మరీ లోతైనది. అక్కడ భార్యాభర్తలు విడిపోతే తోబుట్టువులైన ఇద్దరు పెద్దలు కూడా విడిపోతారు. నిన్నటివరకు నానమ్మ ఇల్లే అమ్మకు మేనత్త ఇల్లుగా ఉండి, రాఖీకి, శ్రావణ మాసపు పేరంటాలకు అందరూ కలిసిన చోట ఈ రోజు మాటలు ఉండవు. బిడ్డకు ఒక తండ్రో తల్లో దూరం కావడమే కాక చుట్టరికమంతా ఒక్కసారిగా చీలిపోతుంది. అటువంటి ఇళ్ల పెద్దలు తప్పక రావాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇంట్లో కొట్టడం, బెదిరించడం వంటివి జరిగి బయటపడినవారికి ఒక మాట. అవతలివారితో కలిసి మాట్లాడుకోమని ఇక్కడ ఎవరూ మిమ్మల్ని ఒత్తిడి చేయరు. 2005 నాటి గృహహింస చట్టం కింద మీకు రక్షణ ఉత్తర్వు ఉంటే దాని నకలు నాకు ఇవ్వండి, గేటు దగ్గరి కాపలాదారు వరకు అది అమలయ్యేలా చూసే బాధ్యత నాది. మహిళల సహాయానికి 181, పిల్లల కోసం 1098, ఉచిత న్యాయ సహాయానికి 15100, మనసు భారంగా ఉన్నప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416 నంబర్లు ఉన్నాయి.

కోర్టు వద్దని చెప్పని పక్షంలో ప్రోగ్రెస్ కార్డు, సర్క్యులర్లు ఇకపై తల్లిదండ్రులిద్దరికీ విడివిడిగా పంపుతాము, పేరెంట్స్ మీటింగుకు వేర్వేరు సమయాలు ఇస్తాము. సాయంత్రం బిడ్డను ఎవరు తీసుకువెళ్లవచ్చో ఆఫీసులోని పట్టికలో ఉన్నవారికే అప్పగిస్తాము, ఆ పట్టికలో మార్పు ఏదైనా రాతపూర్వకంగానే చేయాలి.

చేరదలచినవారు డైరీలో రాసి పంపవద్దు, ఆ కాగితం మళ్లీ బిడ్డ చేతుల మీదుగానే వస్తుంది. నేరుగా నా గదికి వచ్చి చెప్పండి, లేదా మూసిన కవరులో పేరు రాసి ఆఫీసులో ఇవ్వండి. రుసుము లేదు. పిల్లలను ఇంట్లో వదిలి రాలేనివారు వెంట తీసుకురావచ్చు, డ్రాయింగు టీచరు గారు ఆ గంటన్నర కింది అంతస్తులో వారితో ఉంటానని ముందుకు వచ్చారు. ఇద్దరూ ఒకే రోజు వస్తున్నట్లయితే ముందుగా తెలియజేయండి, ఒకరికి ప్రధాన ద్వారం, మరొకరికి మైదానం వైపు గేటు తెరిచి ఉంచుతాము.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు