కలిసి నడిచాం, కలిసి తగ్గాం: మన కాలనీ వాకింగ్ గ్రూప్ వార్షిక నివేదిక 2024–25

సభ్యులందరికీ నమస్కారమండి.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన గ్రూప్ ఏం చేసింది, ఎక్కడ తప్పు చేసింది, డబ్బులు ఎంత వచ్చాయి ఎంత ఖర్చయ్యాయి అన్నది కార్యదర్శిగా నేను రాస్తున్నాను. ఎవరి పేరూ ఎవరి బరువూ ఇందులో ఉండదు, అది మొదటి మీటింగ్‌లో మనందరం పెట్టుకున్న మాటే. ఎవరి సంగతైనా రాయాల్సి వస్తే వాళ్ళని అడిగి, సరే అన్నాకే రాశాను.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒకసారి మొదలు ఎలా అయ్యిందో చెప్పాలి. మన గ్రూప్ పెట్టిన పిన్నిగారు అమ్మాయి పురిటికని న్యూజెర్సీ వెళ్ళి ఆర్నెల్లు ఉన్నారు కదా, అక్కడ ఉండగా అమ్మాయి తీసుకెళ్తే వెయిట్ వాచర్స్ అని, బరువు తగ్గాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే మీటింగులకి వెళ్ళారు. దాన్ని పెట్టింది జీన్ నైడెచ్ అని న్యూయార్క్ క్వీన్స్‌లో ఉండే ఒక గృహిణి, దాదాపు 97 కిలోలు ఉండేవారట, ఎన్ని డైటింగులు చేసినా మళ్ళీ మొదటికే వస్తుంటే 1961లో ఆరుగురు స్నేహితురాళ్ళని ఇంటికి పిలిచి దాచుకోకుండా అన్నీ చెప్పేసుకున్నారు, దొంగతనంగా బిస్కెట్లు తినడంతో సహా. 1963లో అది కంపెనీ అయ్యింది. పిన్నిగారు రాజమండ్రి తిరిగొచ్చాక అన్న మాట నాకింకా గుర్తుంది, "అంత దూరంలో తెలియని వాళ్ళ మధ్య కూర్చుని నోరు విప్పి చెప్పుకున్నానమ్మా, ఇక్కడ మన వీధిలో మనకెందుకు సిగ్గు?" అని. అలా పోయినేడు 19 మందితో మొదలైన మనం ఇప్పుడు 43 మంది అయ్యాం.

సిగ్గు అని ఎందుకంటున్నానంటే, మన దగ్గర లావు అన్నది ఎవరైనా ఎవర్నైనా అనేసే మాట. పెళ్ళిలో ఎదురుపడగానే "ఏంటే ఇలా ఊరిపోయావ్" అంటారు, అదే పలకరింపు. అన్నవాళ్ళు మర్చిపోతారు, పడ్డవాళ్ళు ఇంటికెళ్ళి అద్దం ముందు నుంచుంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019–21లో చేసింది, దాని ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 36 శాతానికి పైగా, మగవాళ్ళలో 31 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అంటే ముగ్గురిలో ఒకళ్ళు. ఇంతమందికి ఉన్నది ఏ ఒక్కళ్ళ తప్పో ఎలా అవుతుందండి? అందుకే మన గ్రూప్‌లో ఒకళ్ళ ఒంటి గురించి ఇంకొకళ్ళు మంచిగా కూడా కామెంట్ చెయ్యకూడదు అనే రూల్ పెట్టుకున్నాం. "సన్నబడ్డావే" అన్నా కూడా వద్దు, ఎందుకంటే వచ్చే నెల ఆ మాట రాకపోతే ఆవిడ మనసు చివుక్కుమంటుంది.

రోజూ పొద్దున్న అయిదున్నరకి పుష్కర ఘాట్ దగ్గర కలుసుకుని కోటిలింగాల ఘాట్ వైపు గట్టు మీద నడక, మళ్ళీ వెనక్కి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా కదలమని, మనం రోజుకి ముప్పావుగంట చొప్పున వారానికి అయిదు రోజులు నడిస్తే అది దాటేస్తాం. జులైలో గోదావరి పోటెత్తి ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు గట్టు మీదకి వెళ్ళకుండా కమ్యూనిటీ హాల్లోనే గుండ్రంగా తిరిగాం, అప్పుడు ఒక రోజు 31 మంది వచ్చారు, ఏడాది మొత్తం మీద అదే ఎక్కువ. వానలో గొడుగులేసుకుని హాల్లో తిరగడానికి వచ్చారంటే నడక కోసం కాదు, ఒకళ్ళ కోసం ఒకళ్ళు వచ్చారనే నేను నమ్ముతున్నాను.

జంట పద్ధతి ఈ ఏడాది బాగా పనిచేసింది. ఇద్దరిద్దరిని జత కట్టాం, అయిదుంపావుకి జతలో ఒకళ్ళు ఇంకొకళ్ళకి మిస్డ్ కాల్ ఇవ్వాలి, తిరిగి మిస్డ్ కాల్ రాకపోతే గేటు దగ్గరికి వెళ్ళి ఒక్కసారి పిలవాలి, రాకపోతే ఏమీ అనకుండా వెళ్ళిపోవాలి. ఒక్కసారే. బతిమాలడాలు, దెప్పడాలు లేవు. మా జత అక్క డిసెంబర్లో వాళ్ళ నాన్నగారు పోయాక నెలరోజులు రాలేదు, నేను రోజూ గేటు దగ్గర నుంచుని పిలిచి వెళ్ళిపోయేదాన్ని, ముప్ఫై ఒకటో రోజో ముప్ఫై రెండో రోజో చెప్పులేసుకుని బయటికొచ్చి ఏం మాట్లాడకుండా నాతో నడిచింది, మార్కండేయస్వామి గుడి దాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆ రోజు బరువు గురించి ఎవరికి గుర్తుంటుందండి.

నెలలో మొదటి ఆదివారం బరువు చూసుకోవడం మీకు తెలిసిందే. హాలు వెనక గదిలో పాత చీర కట్టి పరదా వేస్తాం, లోపల రిటైరైన నర్సమ్మగారు ఒక్కరే ఉంటారు, ఎవరి నోట్‌బుక్ మీద పేరుండదు, నంబరే. జూన్‌లో ఒక గొడవ జరిగింది. ఆ నెల అందరికీ కిలోన్నర రెండు కిలోలు పెరిగినట్టు చూపించింది, ఒక వదినగారు పరదా దాటి వచ్చి గోడ వైపు తిరిగి ఏడ్చేశారు, నెలంతా రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నారు ఆవిడ. మన హెడ్‌మాస్టారు అనుమానమొచ్చి ఎదురు కొట్టులోంచి 25 కిలోల బియ్యం బస్తా తెప్పించి మిషన్ మీద పెడితే 26.8 చూపించింది. కింద పలక ఒకటి లేచి ఉంది, మిషన్ ఒక కాలు గాల్లో ఉంది. మిషన్ మార్చి, సమంగా ఉన్న పలక మీద ముగ్గు పిండితో గీత గీసి పెట్టాం, అప్పట్నుంచి ప్రతి నెలా ముందు బస్తా ఎక్కుతుంది, అది 25 చూపిస్తేనే మనం ఎక్కుతాం. బరువుతో పాటు టేపుతో నడుం కొలత కూడా రాస్తున్నాం, మన దేశం వాళ్ళకి మగవాళ్ళలో 90, ఆడవాళ్ళలో 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువున్నట్టు లెక్క. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క, అది కూడా మనకి 23 నుంచే జాగ్రత్త పడాలి, బయటి దేశాల చార్టులు చూసి 25 దాకా పర్లేదులే అనుకోవద్దు. కొంతమందికి బరువు కదలకపోయినా నడుం మూడు నాలుగు సెంటీమీటర్లు తగ్గింది, ఆ సంగతి టేపు లేకపోతే తెలిసేదే కాదు.

తిండి విషయంలో ఎవరికీ డైట్ చార్టు ఇవ్వలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార నియమాలు విడుదల చేసింది, అందులో రోజుకి రెండు వేల కేలరీల పళ్ళెంలో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, నూనె 27 గ్రాములు అని ఉంది. ఇది మీటింగ్‌లో చదివినప్పుడు అందరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం, మన ఇళ్ళల్లో సరిగ్గా తిరగబడి ఉంటుంది కదా, కంచం నిండా అన్నం, కూర నంజుకోవడానికి. ముందు అన్నం కాదు కూర వడ్డించుకోండి, కూర పెట్టుకున్నాక మిగిలిన చోట్లోనే అన్నం అని ఒక చిన్న మార్పు చెప్పుకున్నాం, అది చాలామందికి కుదిరింది. ఆవకాయ మానమని ఎవరూ అనలేదు, అంటే రాజమండ్రిలో ఎవరూ వినరు కూడా. ముద్దపప్పులో ఆవకాయ కలుపుకున్నప్పుడు ఆ నూనె, నెయ్యి రెండూ కాకుండా ఏదో ఒకటి అని ఒప్పందం.

నూనె సంగతి మాత్రం పట్టుగా చేశాం. లీటర్ ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీద మార్కర్‌తో తేదీ వెయ్యాలి, అయిపోయిన రోజు ఇంకో తేదీ, అంతే. 27 గ్రాముల లెక్కన నలుగురున్న ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు సరిపోవాలి, మొదటి నెల ఖాళీ ప్యాకెట్లు తెచ్చి బల్ల మీద పేరిస్తే చాలా ఇళ్ళవి ఆరు దగ్గర ఉన్నాయి. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు, ఆ ప్యాకెట్ల వరసే చెప్పింది. ఫిబ్రవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో వంటనూనె పది శాతం తగ్గించమని చెప్పినప్పుడు మనవాళ్ళు చాలా సంతోషపడ్డారు, అప్పటికే మనం చాలా ఇళ్ళల్లో నాలుగు లీటర్లకి వచ్చేశాం. అట్టు పెనం మీద గరిటెతో పొయ్యకుండా ఉల్లిపాయ ముక్కతో రాయడం అన్నది మా అత్తగారి కాలం పద్ధతి, మళ్ళీ దానికే వచ్చాం.

ఇప్పుడు తప్పు గురించి రాయాలి. శ్రావణంలో ఎవరో ఉత్సాహపడి పోటీ పెడదాం అన్నారు, దసరా లోపల ఎవరు ఎక్కువ తగ్గితే వాళ్ళకి వెండి కుంది అని, కమిటీలో నేను కూడా చెయ్యెత్తాను. మొదటి రెండు వారాలు హుషారుగా ఉంది, తర్వాత గట్టు మీద మాటలు తగ్గిపోయాయి, అందరూ పక్కవాళ్ళ కంచంలోకి చూడ్డం మొదలైంది, ఎవరు ఏం తింటున్నారో దాచుకోవడం మళ్ళీ వచ్చేసింది. సెప్టెంబర్‌లో బరువు చూసే ఆదివారానికి ముందు ఒక అక్క మూడు రోజులు మజ్జిగ మాత్రమే తాగి ఉంది, షుగర్ బిళ్ళ మాత్రం మామూలుగా వేసుకుంది, ఆదివారం పొద్దున్న ఘాట్ మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడిపోయింది. చెమటలు, చేతులు వణుకుతున్నాయి, పక్కన టీ బండి ఆయన పరిగెత్తుకొచ్చి చక్కెర నీళ్ళు పట్టించాడు, అది లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే గుండె దడ. డాక్టరుగారు ఒకటే చెప్పారు, షుగర్ బిళ్ళలు వాడేవాళ్ళు తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది, కొన్ని బిళ్ళలతో అయితే మరీను, బరువు తగ్గుతుంటే బిళ్ళ డోసు కూడా అడిగి మార్చుకోవాలి అని.

ఆ సాయంత్రమే మీటింగ్ పెట్టి పోటీ రద్దు చేశాం. వెండి కుంది కాలనీ గుళ్ళో ఇచ్చేశాం, దాని డబ్బు కమిటీ వాళ్ళు సొంతంగా వేసుకున్నదే. ఆ అక్కకి కమిటీ తరఫున మీటింగ్‌లోనే క్షమాపణ చెప్పాను, ఇక్కడ మళ్ళీ చెప్తున్నాను. ఇక మీదట షుగర్, బీపీ, థైరాయిడ్ మందులు వాడే ఎవరైనా తిండి మార్చే ముందు వాళ్ళ డాక్టర్ని కలిసి రావాలి, నెలకి రెండు కిలోల కంటే ఎక్కువ తగ్గినవాళ్ళతో నర్సమ్మగారు కూర్చుని మాట్లాడతారు. నెమ్మదిగా తగ్గినా ఫలితం ఉంటుందని రుజువైన విషయమే, షుగర్ వచ్చేలా ఉన్నవాళ్ళ మీద అమెరికాలో చేసిన పెద్ద పరిశోధనలో, 2002లో వచ్చింది, ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాలు కదలడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళకి షుగర్ రావడం 58 శాతం తగ్గింది. 80 కిలోలున్నవాళ్ళకి ఏడు శాతమంటే అయిదున్నర కిలోలు, అంతే.

ఫిబ్రవరిలో 14 మందిమి తిరుమల వెళ్ళి అలిపిరి నుంచి నడిచి ఎక్కాం. 3,550 మెట్లు. గాలి గోపురం దాకా అందరం బాగానే ఉన్నాం, మోకాళ్ళ మెట్టు దగ్గర మన గ్రూప్‌లో పెద్దావిడ, అరవై ఎనిమిదేళ్ళు, రాతి మీద కూర్చుని "మీరెళ్ళండమ్మా, నేను కిందకి దిగి బస్సులో వస్తా" అన్నారు. అప్పుడు మన వదినగారు, జూన్‌లో ఏడ్చిన ఆవిడే, పక్కన కూర్చుని చెప్పుల్లేని ఆవిడ పాదాలు ఒళ్ళో పెట్టుకుని మడమలు నొక్కుతూ "పది మెట్లు ఎక్కుదాం అత్తయ్యా, తర్వాత కావాలంటే దిగిపోదాం" అన్నారు. పది ఎక్కారు, కూర్చున్నారు, ఇంకో పది. మిగతా పన్నెండు మందిమి పైకి వెళ్ళకుండా వాళ్ళతో పాటే పదేసి మెట్లు ఎక్కాం. పసుపు కుంకుమ పెట్టుకుంటూ ప్రతి మెట్టుకీ వంగే భక్తులు కూడా మమ్మల్ని దాటిపోయారు. ఎంతసేపు పట్టిందో ఎవరూ చూసుకోలేదు, పైన అన్నప్రసాదంలో ఆవిడ మా అందరికీ తనే మంచినీళ్ళు పోశారు.

ఏడాది చివర లెక్క: 43 మందిలో నెలనెలా బరువు చూసుకున్నవాళ్ళు 36 మంది, తగ్గినవాళ్ళు 27, అలాగే ఉన్నవాళ్ళు 4, పెరిగినవాళ్ళు 5. తగ్గినవాళ్ళది అందరిదీ కలిపి 118 కిలోలు. పెరిగిన అయిదుగురిలో నేను ఒకదాన్ని, ఇది నా ఇష్టంతోనే రాస్తున్నాను, అయినా మార్చి నెలంతా ఒక్క రోజు కూడా నడక మానలేదు, మా జత అక్క మాననివ్వలేదు.

డబ్బుల లెక్క: చందా మనిషికి 300 చొప్పున 12,900 రూపాయలు వచ్చింది. కొత్త బరువు మిషన్ 1,600, బీపీ మిషన్ 2,200, నోట్‌బుక్కులు టేపులు 650, హాలు కరెంటు 1,500, ఉగాది ముందు సమావేశానికి గుగ్గిళ్ళు, పళ్ళు, మజ్జిగ 3,600, మొత్తం ఖర్చు 9,550. చేతిలో నిల్వ 3,350. బిల్లులన్నీ హాలు బీరువాలో ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.

ఎండలు ముదిరాయి కాబట్టి ఏప్రిల్ ఒకటి నుంచి నడక అయిదింటికే, ఎవరి నీళ్ళ సీసా వాళ్ళు తెచ్చుకోవాలి. మధ్యలో రావడం ఆగిపోయిన ఏడుగురి నోట్‌బుక్కులు కొట్టెయ్యలేదు, నర్సమ్మగారి పెట్టెలో మిగతావాటితో పాటే వరసలో ఉన్నాయి, వాళ్ళ నంబర్లు వేరే ఎవరికీ ఇవ్వలేదు. మీ జతవాళ్ళు అయిదుంపావుకి బదులు నాలుగూ నలభై అయిదుకి మిస్డ్ కాల్ ఇస్తారు, తలుపు దగ్గర ఒక్కసారే పిలుస్తారు.

ఇట్లు,
కార్యదర్శి, కమిటీ తరఫున
రాజమహేంద్రవరం