ఆ పీసీ ఎన్నేళ్ళు ఆడుతుందని అడిగావుగా

ఒరేయ్ శీనూ,

తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ కట్టుకుంటే ఎన్నాళ్ళు పనికొస్తుందని అడిగావు. 1080పీలో (1920×1080 చుక్కల స్క్రీన్ మీద) సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, చాలనుకుంటే, కొత్త గేములు హై సెట్టింగ్స్‌లో మూడేళ్ళు ఆడుకోవచ్చు. తర్వాత మీడియంకి దిగి ఇంకో రెండేళ్ళు. మధ్యలో ఒక్కసారి గ్రాఫిక్స్ కార్డ్ మారిస్తే ఏడెనిమిదేళ్ళు లాగించొచ్చు. కానీ పీసీ అంతా ఒకేసారి ముసలిదైపోదురా. ఏ పార్ట్ వయసు దానిదే. ఏది ముందు చతికిలబడుతుందో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో నీకే తెలుస్తుంది.

ముందు చతికిలబడేది దాదాపు ఎప్పుడూ గ్రాఫిక్స్ కార్డే, అందులోనూ దాని వీర్యామ్, అంటే కార్డు సొంత మెమరీ. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060 కార్డునే తీసుకో. 6 జీబీ కార్డుకీ 3 జీబీ కార్డుకీ మొదట్లో పెద్ద తేడా ఉండేది కాదు. కొన్నేళ్ళకి 3 జీబీది టెక్స్చర్లు (గేములో వస్తువుల మీద అతికించే బొమ్మలు) మోయలేక చేతులెత్తేసింది, 6 జీబీది ఇంకా చాలాకాలం నిలబడింది. ఎందుకంటే వీర్యామ్ నిండిపోతే కార్డ్ మిగతా డేటాని పీసీఐఈ (కార్డునీ మదర్‌బోర్డునీ కలిపేది) దారిలో మామూలు ర్యామ్ నుంచి తెచ్చుకోవాలి, ఆ దారి ఎన్నో రెట్లు నెమ్మది. అప్పుడు యావరేజ్ ఫ్రేమ్‌రేట్ బాగానే కనిపిస్తుంది గానీ ఆట కుదుపులు కుదుపులుగా నడుస్తుంది. కొన్ని గేములు కుదుపు రానివ్వకుండా టెక్స్చర్లనే మసకగా చూపిస్తాయి. అందుకే కొనేముందు యావరేజ్ కాదు, ‘1% లో (low)’ అంకె, అంటే అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం, చూడు.

2020 నవంబరులో వచ్చిన పీఎస్5లో 16 జీబీ ఉమ్మడి మెమరీ ఉంది. పెద్ద గేములు ఆ కొలతకే తయారవుతున్నాయి. 8 జీబీ కార్డ్ ఇవాళ టెక్స్చర్లు ఒక మెట్టు దించితే నడుస్తుంది. అయిదేళ్ళు కావాలంటే మాత్రం 12 గానీ 16 గానీ ఉండాల్సిందే. ఆర్‌టీఎక్స్ 4060 టీఐలా ఒకే చిప్‌కి 8, 16 రెండు రకాలుంటే కళ్ళు మూసుకుని 16 తీసుకో. ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ ఉంది, కానీ రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే సౌకర్యం) లేని పాత బోర్డులో అది బాగా వెనకబడుతుంది. ఇంకోటి, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 7600 లాంటివి ఆ పీసీఐఈ దారిలో ఎనిమిది లేన్లే (వరసలే) వాడతాయి. పాత తరం పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే దారి సగానికి సగం తగ్గుతుంది, ఆ దెబ్బ సరిగ్గా వీర్యామ్ నిండినప్పుడే తగులుతుంది. 4 జీబీ, నాలుగే లేన్ల ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ జోలికి అసలు పోకు.

ప్రాసెసర్ దగ్గర అంత కంగారు అక్కర్లేదు. ఆరు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు) చాలు. ప్రాసెసర్ కన్నా అది కూర్చునే సాకెట్ ముఖ్యం. ఏఎండీ వాళ్ళ ఏఎం4 సాకెట్ సంగతి చూడు, 2017లో మొదటి రైజెన్‌తో కొన్న చాలా బోర్డుల్లో బయాస్ (పీసీ ఆన్ చేయగానే ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్ పెట్టుకోగలిగారు. దాని తర్వాతి సాకెట్ ఏఎం5కి 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ చెప్పింది, కాబట్టి కొత్తగా కడితే అదే నా ఓటు. ఎప్పుడు మార్చినా పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్ అప్‌డేట్ చేసెయ్, లేకపోతే కొత్తది పెట్టాక స్క్రీన్ రాక తల పట్టుకుంటావు.

ర్యామ్ రెండు 16 జీబీ స్టిక్కులు తీసుకో. ముందు రెండు 8లు కొని తర్వాత ఇంకో రెండు చేరుద్దామనుకోకు, ఏఎం5 వాడే డీడీఆర్5 ర్యామ్‌లో నాలుగు స్టిక్కులు పెడితే స్పీడ్ బాగా తగ్గించాల్సి వస్తుంది. ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టి, బయాస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడ్‌తో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్. ఇది మర్చిపోయి ఏళ్ళ తరబడి తక్కువ స్పీడ్‌తో ఆడేవాళ్ళు చాలామంది.

పవర్ సప్లై మాత్రం పిసినారితనం చెయ్యకు. ఏడు నుంచి పదేళ్ళ వారంటీ ఉన్న 650 వాట్లది తీసుకుంటే తర్వాతి కార్డుకీ అదే పనికొస్తుంది. మాడ్యులర్‌ది (కేబుల్స్ ఊడదీయగలిగే రకం) మార్చినప్పుడు పాత కేబుల్స్ కొత్తదానికి పెట్టకు. కనెక్టర్ సరిపోయినట్టే ఉంటుంది, లోపల పిన్నుల వరస వేరుగా ఉంటే డ్రైవులూ బోర్డూ కాలిపోతాయి.

బలం ఉండగానే పీసీ పాతబడే దారి ఇంకోటుందిరా. 2025లో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ గేముకి హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ (కాంతి దారిని లెక్కగట్టే సౌకర్యం కార్డులోనే ఉండడం) తప్పనిసరి. 11 జీబీ ఉన్న జీటీఎక్స్ 1080 టీఐ అయినా, 2019 నాటి ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీ అయినా దానికి పనికిరావు. బ్యాటిల్‌ఫీల్డ్ 6 సెక్యూర్ బూట్ (పీసీ మొదలయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెట్టింగ్) అడుగుతుంది. విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, విండోస్ 11కి టీపీఎమ్ 2.0 (ప్రాసెసర్‌లోనో బోర్డులోనో ఉండే భద్రతా భాగం) కావాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ముందు ఇవే అడుగు.

డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ (చిన్న సైజులో గీసి స్క్రీన్ సైజుకి పెంచే టెక్నిక్‌లు) ఆయుష్షు పెంచుతాయి, నిజమే. కానీ 1080పీలో క్వాలిటీ మోడ్ అంటే లోపల గీసేది 1280×720 మాత్రమే. ఫ్రేమ్ జనరేషన్‌ని (అసలు ఫ్రేముల మధ్య కృత్రిమ ఫ్రేములు చేర్చడాన్ని) నమ్ముకుని 30 ఫ్రేముల పీసీని కాపాడలేవు. ముందే 60 దగ్గరలో ఉంటేనే అది బాగుంటుంది, పైగా కొంత వీర్యామ్ కూడా తినేస్తుంది.

మార్చే రోజు వచ్చిందో లేదో చూడాలంటే ఆఫ్టర్‌బర్నర్ ఓవర్‌లే (ఆట మీదే పీసీ అంకెలు చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టి, ఫ్రేమ్ లిమిట్, వీసింక్ (ఫ్రేములని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) తీసేసి ఆడు. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం 95 శాతం పైన ఉంటే కార్డే అడ్డు. 60, 70 దగ్గర ఆడుతూ రిజల్యూషన్ తగ్గించినా ఫ్రేములు పెరగకపోతే ప్రాసెసర్. రెండూ బాగుండి కుదుపు వస్తుంటే వీర్యామ్ అంకె చూడు, ముందు టెక్స్చర్లు దించు. చిప్ క్లాక్ స్పీడ్ పడిపోతోందంటే దుమ్ము పట్టిందేమో చూడు. ఊదేటప్పుడు ఫ్యాన్ తిరక్కుండా పట్టుకో.

నీ మానిటర్ రిజల్యూషనూ, ఎక్కువగా ఆడే గేములూ రాసి పంపు. పార్టుల లిస్ట్ వేసి పెడతా, ఈలోగా ఆఫర్ ఉందని ఏ 8 జీబీ కార్డూ కొనెయ్యకు.

నీ
వాసు