సొంత మేజర్‌కి అప్లై చేస్తున్నవాళ్ళకి

అందరికీ నమస్తే. న్యూయార్క్ యూనివర్సిటీ గాలటిన్ స్కూల్‌కి అప్లై చేస్తున్నవాళ్ళు ఇది తప్పక చదవండి. 1972లో మొదలైన ఈ స్కూల్లో మేజర్, అంటే ప్రధానంగా ఏం చదవాలో, మనమే కూర్చుకోవాలి.

అప్లికేషన్ కోసం మీరు రాసి పంపిన వ్యాసాలు చదివాను. దాదాపు అన్నిట్లోనూ "నాకు చాలా ఆసక్తులున్నాయి" అనే ఉంది. అది చాలదండి, వాటిని కలిపే ప్రశ్న ఒకటి కావాలి. "సంగీతం, న్యూరోసైన్స్ ఇష్టం" అనే బదులు "మతిమరుపు వచ్చినవాళ్ళకి కూడా పాత పాటలు ఎందుకు గుర్తుంటాయి?" అని మొదలుపెడితే ఏ కోర్సులు కావాలో దానంతట అదే తేలుతుంది. డబుల్ మేజర్ (రెండు మేజర్లు కలిపి చదవడం) ఎందుకు సరిపోదో కూడా రాయండి, చాలామంది వదిలేసేది ఇదే.

చదువు చివర్లో అధ్యాపకుల ముందు కలోక్వియం అనే మౌఖిక చర్చ ఉంటుంది. అందుకని గొప్పగా వినిపించే ప్రశ్న వద్దు, మీకు నిజంగా నిద్రపట్టనివ్వనిదే ఎంచుకోండి.

మార్చిన డ్రాఫ్టులు ఆదివారం లోపు పంపండి, అన్నీ చదువుతాను.