తెలంగాణ ఎప్పటి నుంచి సినిమా రకమైంది?

సంపాదకుల వారికి,

ఏ కోవలో ఏ తెలుగు సినిమా మేటి అంటూ మీ ఆదివారం అనుబంధంలో జాబితా వచ్చి పది రోజులైంది. పోనీలే అని ఊరుకున్నాను. నిన్న బండాయన మిర్చి బజ్జీలు అదే కాగితంలో కట్టిచ్చేసరికి మళ్ళీ కంటపడి ఒళ్ళు మండింది.

పౌరాణికం, జానపదం, హాస్యం, హారర్ అని గళ్ళు గీశారు, బాగుంది. చివర్న ఒక గడికి ‘తెలంగాణ’ అని పేరు పెట్టి మా భూమి, మల్లేశం, బలగం మూడింటినీ అందులో కుక్కారు. గోదావరి ఒడ్డున తీసినవాటికి ‘గోదావరి’ అని గడి గీశారా? లేదే! అవి ప్రేమకథలట, కుటుంబ కథలట. మావి మాత్రం యాస సినిమాలు. ఆ యాసను ఇన్నేళ్ళూ రౌడీలకూ, నవ్వించేవాళ్ళకూ ఇచ్చారు, ఇప్పుడు విడిగా ఒక మూల ఇచ్చారు. ధన్యవాదాలు.

గౌతమ్ ఘోష్ బెంగాల్ నుంచి వచ్చి తీసిన ‘మా భూమి’ చారిత్రక సినిమా. 2019లో వచ్చిన మల్లేశం జీవితకథ. ఆలేరు దిక్కు ఊళ్ళో ఆసు పోసీ పోసీ, అంటే చీర నేతకు ముందు కొయ్యల చుట్టూ చేత్తో దారం చుట్టీ చుట్టీ, తల్లి భుజం నొప్పి పడుతుంటే చూడలేక కొడుకు ఆ పనికి యంత్రం కనిపెట్టాడు. ఒక్క చీరకే ఆ కొయ్యల చుట్టూ చెయ్యి వేలసార్లు తిరగాలి. ఆ సినిమా టీవీలో వచ్చిన రోజు మా పక్కింటి పెద్దమ్మ ఒక్క మాట మాట్లాడలేదు, కుడి భుజం నిమురుకుంటూ కూచుంది. దాన్ని జీవితకథల్లో వేస్తే మీ సొమ్మేం పోయేది?

ఇక బలగం. చావింట్లో కాకి ముద్ద ముట్టదు, అంతే కథ. అంతకన్నా మంచి కుటుంబ సినిమా ఈ మధ్య నేను చూడలేదు. 2023లో మా ఊరి పంచాయతీ ముందు తెర కట్టి వేస్తే, మాటల్లేని అన్నదమ్ములిద్దరు చెరో కొసన కూచుని తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నారు. తెల్లారి వాళ్ళ పొలం గెట్టు తగాదా ఎక్కడిదక్కడే ఉంది, అది వేరే సంగతి.

జానపదంలో పాతాళ భైరవికి నా ఓటు కూడా. కానీ కత్తి కాంతారావు పేరేదీ? కోదాడ దగ్గర గుడిబండలో పుట్టినాయన. ఆయన కత్తి దూస్తే మా నాయన నేల టికెట్లో ఈలలేసేవాడు. మీ వ్యాసకర్తకు కోదాడంటే విజయవాడ పోతూ చాయ్ తాగే ఊరేనేమో.

హారర్‌కు 1992 నాటి ‘రాత్రి’ సినిమాను ఎంచడం ఒక్కటే సరిగ్గా చేశారు. ఇప్పటి సినిమాల్లో దయ్యానికెవరూ జడుసుకోరు, సౌండుకు ఉలిక్కిపడతారు.

మా టౌన్ థియేటర్లో ఆ సౌండూ సరిగ్గా రాదు. తెర ఎడమ మూల గుండ్రంగా మరక, ఏ సినిమా వేసినా పగలే చందమామ. పేర్లు పడగానే ఏసీ ఆపేస్తారు. చెప్పుకుందామని ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడ ఆన్‌లైన్‌లో పెట్టుకోమన్నారు. పెట్టాను. ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. మొన్న శుక్రవారం పోయి చూస్తే చందమామ అక్కడే ఉంది.

జాబితాకు సవరణ వేసేట్టుంటే ఏ మూలనో రెండు లైన్లు కాదు, జాబితా వేసినంత పెద్దగా వేయండి.

— ఒక రిటైర్డ్ టీచర్, నల్లగొండ